బండి దిగినంక ఆకలి

ఖమ్మంలో షుగరు డాక్టరమ్మ దవాఖానా ముందు అరుగు. లోపల చూపించుకుని వచ్చి, మందుల కోసం కూర్చున్నారు భార్యాభర్తలు సువర్ణ, కోటేష్. పెద్దాసుపత్రిలో చనిపోయినవాళ్ళను అడవి ఊళ్ళకు చేర్చే బండికి కోటేష్ డ్రైవరు.

"డాక్టరమ్మకు అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"ఏం అబద్ధం?"

"మూడు పూటల ఇంట్లనే తింటా అన్నవ్."

"తింటలేనా?"

"పొద్దున చాయ్ తాగి పోతవ్. వచ్చినంక ఆకలి లేదని పంటవ్. నువ్వు ఇంట్ల కడుపునిండ తిని ఎన్ని దినాలైందో నాకే యాదికి లేదు. ఆమెనేమో నా దిక్కు చూసి, నూనె తగ్గించమ్మా, అన్నం తగ్గించమ్మా అనవట్టె. నా వంటనే నిన్ను గిట్ల చేసిందనుకున్నది."

"పోనియ్ సువర్ణా. మందులు తీస్కొని పోదాం."

"పోనియ్య. ఇంట్ల తినని మనిషి ఎట్ల లావైతడు? ప్యాంటు గుండీ పడ్తలేదు. షుగరు సూది దాక వచ్చింది. కండ్లకు కొడితే బండి ఎట్ల నడుపుతవని ఆమె అడిగితె ఉలకవు, పలకవు."

"డ్యూటీల టైముకు తిండి ఉండదు. ఆడ ఏదో ఇంత తింట."

"ఆడ అంటే?"

"ఆడనే. తొవ్వ మీద."

"ఎవలింట్ల?"

"ఎవలింట్ల ఏంది?"

"అడుగుతున్న. ఎప్పుడు జూడు భద్రాచలం దిక్కు పోతవ్. ఒక్కోపాలి తెల్లారినంక వస్తవ్. తిని వస్తవ్. ఆడ వండి పెట్టేటోళ్ళు ఉండాలె గద."

"నీకేమన్న పిచ్చా?"

"ఉంటె చెప్పు. నేను లొల్లి చెయ్య. మా అన్న లాలును పిలవ. తండాల పంచాయితీ పెట్టియ్య. తెలుస్తె చాలు నాకు."

"ఎవ్వలు లేరు."

"చాంది మీద ఒట్టు వెయ్యి."

"బిడ్డ మీద ఒట్టు. హోటల్ల తింట. ఒక్కన్నే తింట."

"ఒక్కనివే హోటల్ల తింటె దాచేదేముంది?"

"మందులు ఇస్తున్నరేమో చూస్త."

"చాంది నాయినా. నిన్నే."

"దించినంక తింట."

"ఏం దించినంక?"

"బండిల ఉన్నోళ్ళను. వాళ్ళింటి కాడ దించినంక."

"శవాన్ని దించినంకనా?"

"అవ్."

"తానం చెయ్యకనా?"

"చేతులు కడుక్కుంట. సబ్బుతోని కడుక్కుంట."

"తండాల తెలిస్తె మనల్ని ఎవలూ గడప తొక్కనియ్యరు."

"అందుకే చెప్పలే."

"ఎప్పటి సంది?"

"పోయిన వానకాలం సంది. జంపక్క అని ఒక ముసలామె. పర్ణశాల దాటి లోపలికి పోవాలె వాళ్ళ ఊరు. కొడుకు దవాఖాన్ల సచ్చిపోయిండు. ఎన్క పండవెట్టినం. ఆమె ఎన్క కూసోనన్నది, ముంగట నా పక్కన కూసున్నది. ఖమ్మంల ఏడ్వలే. కొత్తగూడెం దాటినం, ఏడ్వలే. పాల్వంచ దాటినం, ఏడ్వలే. అడవిల తొవ్వంత గుంతలు గద, బండి ఎగురుతాంది. అప్పుడు నా చెయ్యి మీద చెయ్యేసి అన్నది, 'మెల్లగ పోనియ్ బిడ్డా, వానికి నడుం నొస్తది' అని."

"నువ్వేం జేసినవ్?"

"మెల్లగనే పోనిచ్చిన. ఊళ్ళె దించినం. వాళ్ళోళ్ళంత గుమిగూడి, వాళ్ళ భాషల పాట లెక్క ఏడుస్తుండ్రు. నేను బండి తిప్పుకొని వచ్చిన. నాకు గూడ ఏడుపొస్తదేమో అనుకున్న. ఏడుద్దామని బండి పక్కకు ఆపిన గూడ. రాలే. ఆకలైంది."

"పొద్దున్నుంచి తినకపోతివేమో."

"తిన్న. పాల్వంచల చాయ్ తాగంగ బోండాలు తిన్న. అయినా ఆకలైంది. కడుపుల మంట లెక్క. భద్రాచలంల ఆగి బిర్యాని చెప్పిన. అది తిని ఇంకోటి చెప్పిన. అప్పటిదాక నాకు ఏం తెలుస్తలే సువర్ణా. స్టీరింగు పట్టుకున్న చేతులు గూడ నాయి గానట్టే ఉన్నయ్. నాలికకు కారం తగలంగనే, ఆ, నేను ఉన్న అనిపించింది."

"తిన్నంక?"

"తిన్నంక మల్ల ఏం లేదు. అందుకే ఇంకింత తింట."

"ప్రతిపాలి గిట్లనేనా?"

"ప్రతిపాలి. వాళ్ళింట్ల పొయ్యి ముట్టియ్యరు. మీద పడి ఏడుస్తుంటరు. నేనేమో ఈ టైముకు ఏ హోటల్ తెరిచి ఉంటదా అని ఆలోచిస్త. బండిని దూరంగ ఆపి నడుసుకుంట పోత, ఆ బండోడే అని గుర్తుపడ్తరని."

"ఆపుదామని చూడలేదా?"

"చూసిన. పైసలు ఇంట్లనే పెట్టి పోయిన. ఫోన్ల పైసలు కొట్టి తిన్న. ఫోన్ బందు చేసి, యాడ ఆగకుండ ఖమ్మం వచ్చిన. బండి అప్పజెప్పి, మన ఖానాపురం హవేలి మలుపుల బేకరి ఉన్నది గద, ఆడ ఉద్దెరకు తిన్న. మన ఇల్లు కనవడ్తనే ఉన్నది ఆన్నుంచి."

"దవాఖాన్ల ఎవలికన్న చెప్పినవా?"

"నాతోని చేసే శివకు చెప్పిన. నవ్విండు. 'మనోళ్ళు చానమంది తాగుతరు, నువ్వు తింటున్నవ్, నయ్యమే గద' అన్నడు. నయ్యమే అనుకున్న నేను గూడ."

"మొన్న ఇంటికొచ్చి కక్కినవ్. తిండి పడలే అన్నవ్."

"ఆ దినం తొవ్వల గూడ కక్కిన."

"ఏమైంది ఆ దినం?"

"చిన్న పిల్ల. జ్వరమొచ్చి పోయింది. తండ్రి పండవెట్టనియ్యలే. ఒళ్ళెనే పట్టుకొని కూసున్నడు. పిల్ల కాళ్ళకు పట్టీలున్నయ్. గుంత వచ్చినప్పుడల్ల చప్పుడైతాంది."

"చాందంత ఉంటదా?"

"చాందంతనే."

"అప్పుడేం జేసినవ్?"

"దించిన. రెండు హోటళ్ళల్ల తిన్న. మిర్చిబజ్జీలు కట్టించుకున్న. అడవిల బండి ఆపి, అద్దాలు ఎక్కిచ్చుకొని అవి తిన్న. గొంతు దాక వచ్చినా తిన్న. దిగి కక్కిన. నోరు పుక్కిలించి, మిగిలినయ్ తిన్న. అప్పుడు గూడ ఏడుపు రాలే. నాకు బాధైతలేదు సువర్ణా. అదే నాకు భయం. నేను మనిషినేనా అని."

"బాధ కానోడు కక్కిందాక ఎందుకు తింటడు?"

"ఏమో."

"లేవ్. లోపలికి పోదాం. డాక్టరమ్మకు చెప్పు."

"ఏమని? శవాన్ని దించి బిర్యాని తింటనని చెప్పాల్నా?"

"ఆమెనే అడిగె గద. ఆకలై తింటవా, మనసు బాగలేక తింటవా అని. చానమందికి గిట్ల ఉంటది, సిగ్గు పడొద్దన్నది. తినాలె అనిపించంగనే ముందుగాల ఎవలితోనన్న జెర మాట్లాడమన్నది. నువ్వు గోడ దిక్కు చూసుకుంట కూసున్నవ్."

"అడవిల ఎవలితోని మాట్లాడాలె?"

"నాకు ఫోన్ చెయ్."

"చేసి?"

"ఎవల్ని దించినవో చెప్పు. ఏ ఊరో, వాళ్ళోళ్ళు ఏమన్నరో, గదే చెప్పు. ఏడ్వకున్నా సరే. నేను ఇనుకుంట కూసుంట."

"నీకెందుకు ఆ పీడ? చాంది హాస్టల్ల ఉండె. ఇంట్ల ఒక్కదానివే ఉంటవ్. అవన్ని ఇని భయపడ్తవ్."

"అవ్. ఒక్కదాన్నే ఉంట."

"నేను ఎట్లనో తగ్గించుకుంట తియ్. లోపలికి మాత్రం రాను. ఆమె ఏదో రాస్తది, అది మా ఆఫీసుకు తెలుస్తది. మందులు ఇస్తున్నట్టుండ్రు, తీస్కో. పోదాం."

"నువ్వు ఈడనే కూసో. నేను పోయొస్త."

"వద్దన్న గద. నా సంగతి నువ్వు చెప్తవా?"

"నీ సంగతి గాదు. నేను చూపించుకుంట."

"నీకేమైంది?"

"నా జాకెట్లన్ని కుట్లు ఇప్పించిన. చూసినవా?"

"లే. ఎందుకు ఇప్పించినవ్?"

"పొద్దంత పొయ్యి కాడ నిలవడి తింటనే ఉంట. నాగ్గూడ ఏడుపు రాలే, చాంది నాయినా. నువ్వు ఆడ ఎవలింట్ల తింటున్నవో అనుకుంట, ఈడ నీ వంతు అన్నం గూడ నేనే తిన్న."