హెల్మెట్లు తీసిన పొద్దు

"మామా, మా నాయిన పోయినప్పుడు సైటంత పనాపిండ్రు, తెల్ల సారు సుత హెల్మెట్ తీసి నిలవడ్డడు అంటివి గదా. ఆ జాగ యాడుందో సూపియ్యి. అమ్మ ఆడ కొబ్బరికాయ కొట్టి ఫోటో పంపుమన్నది."

కూసో అల్లుడా. ముందుగాల కూసో. ఆ కాయ సంచీల వెట్టు, అందరు సూస్తున్నరు. ఈ ఖతర్ ఏషియన్ టౌన్ల సెలవు దినం, శుక్రారం నాడు ఈ మెట్ల మీద ఇంత జాగ దొరుకుడే ఎక్కువ. నువ్వు వారం సంది ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటె నేను ఎత్తలే. డ్యూటీ ఉందన్న. డ్యూటీ లేకుండె, ఏం లేకుండె. అబద్ధం చెప్పిన. ఇగ మీ ఇంటికి నేను చెప్పిన అబద్ధాలల్ల గది శిన్నది.

చాయ్ తాగు, సల్లారుతది. మేము వచ్చిన కొత్తల ఈ చాయ్ అర్ధ రియాలు, ఎర్కేనా. ఖుబూస్ రొట్టెలు రియాలుకు కట్ట కట్ట ఇస్తుండె. మీ నాయిన, అదే లింగయ్య బావ, రొట్టె తుంపి పెద్ద ముక్క నాకిచ్చి, 'నువ్వు పైపులు మోసేటోనివి, తిను' అనేటోడు. తను మోయనట్టు! ఇద్దరిది ఒక్కటే పని గదా. స్కాఫోల్డింగ్. ఇనుప పైపులు బిగిచ్చి పరంజ కట్టుడు. ఒక్క ఊరు, ఒక్క ఏజెంటు, ఒక్క ఇమానం. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్ల ఒక్కటే రెండంతస్తుల మంచం, కింద ఆయన, మీద నేను. మీ నాయిన బిగిచ్చిన పరంజ మీద ఎవ్వడన్న ఎక్కి చాయ్ గ్లాసు వెట్టినా కదలకపోయేది. నిన్ను ఉబ్బిచ్చుడు కాదు, నిజమే చెప్తున్న.

ఏం చెప్తుంటి... ఆ, అలారం. ఎండకాలం అది. పొద్దుగాల మూడున్నరకు లేసేది, నాలుగున్నరకు బస్సు. అలారం మోగింది, అందరం లేసినం. మీ నాయిన లేవలే. నేను మీది మంచం దిగుకుంట కాలుతోని తన్నిన అల్లుడా. నవ్వులకే. 'ఏ బావా, బస్సు పోతది' అని ఇట్ల తన్నిన. కదల్లే. పండుకున్నోడు పండుకున్నట్టే ఉన్నడు, సెయ్యి సెంప కింద వెట్టుకొని. గా తన్నిన నా కాలు అంటె నాకు ఇప్పటికీ పడది.

అంబులెన్స్ వచ్చి తీస్కపోయింది. గుండె ఆగింది అని రాసిండ్రు. గుండె ఆగకుంట ఎవ్వడు సస్తడు? డ్యూటీల పోలే, రూంల పోయిండు, గందుకు కంపెనీకి సంబంధం లేదన్నరు. ఇగ మేము? మేము బస్సెక్కినం. అవ్ బిడ్డా, గదే బస్సు. పోకుంటె ఆబ్సెంట్ వేస్తరు. మీ నాయిన సీట్ల ఎవ్వలు కూసోలే, గంతే మేము చేసింది. ఆయన కట్టిన పరంజ మీదనే ఎక్కి మల్ల పని చేసిన నేను.

ఇప్పుడు నువ్వడిగిన పొద్దు చెప్త. మీ నాయిన పోయిన నాలుగో దినం... కాదు కాదు, ఐదో దినం. పొద్దుగాల పని షురూ అయ్యే ముందు టూల్‌బాక్స్ మీటింగ్ అని ఉంటది గదా, మీ కంపెనీల సుత ఉంటది. అందరిని వరుసల నిలవెట్టి సేఫ్టీ సారు చెప్తడు, గిది జేయిండ్రి, గది జేయొద్దు అని. మాకు తెల్ల సారు ఉండె, అమెరికాయన. ఆయన ఇంగ్లీషుల చెప్తె తివారి అని ఫోర్‌మన్ హిందీల చెప్పేటోడు. ఆ పొద్దు తివారి లేడు. ఏడికి పోయిండంటవ్? మీ నాయిన కాయితాల మీదనే దవాఖానకు పోయిండు. ఇంగ్లీషు తెల్సినోడు మా వరుసల ఒక్కడు లేడు.

సారు వచ్చిండు. మొకమంత ఎర్రగున్నది, కండ్లు ఉబ్బినయి. జర సేపు ఏందో చెప్పిండు. చెప్పి, సేతులతోని హెల్మెట్ తీసిండు. తీసి ఛాతికి పట్టుకున్నడు. మమ్ములను సుత తియ్యుమని సైగ చేసిండు.

అరె, సైట్ల హెల్మెట్ తీస్తె ఫైన్ పడుతది అల్లుడా. చెమటకు నెత్తి గోక్కుందామని తీసినా పేరు రాసుకునే సారు ఆయన. అసొంటోడు తనే తీసి, మమ్ముల తియ్యుమంటుండు. జనరేటర్ బంద్ చేపిచ్చిండు. క్రేన్ ఆగింది. ఇనుము సప్పుడు లేదు, ఏం లేదు. ఇగ మేమేం అనుకోవాలె? నువ్వే చెప్పు. ఐదు దినాల కింద మనిషి పోయిండు మాకు. ఇంకెవ్వని కోసం అనుకుంటం?

డెబ్బై ఎనభై మందిమి ఉన్నం. ముందుగాల నేను ఏడ్సిన. నన్ను సూసి మనోల్లు, మనోల్లను సూసి నేపాలోల్లు, బెంగాలోల్లు. మీ నాయిన మంచంల పోయినప్పుడు ఏడువనీకె టైం దొరకలే, బస్సు హారన్ కొడుతుండె. ఆ పొద్దు దొరికింది. కడుపునిండ ఏడ్సినం. అయిపోయినంక నేను పోయి సారుకు రెండు సేతులు వట్టి మొక్కిన. 'థాంక్యూ సార్' అన్న. మీ నాయిన పేరు ఇంక నోట్లనే ఉన్నది. ఆయన నా సెయ్యి పట్టుకొని, 'థాంక్యూ, థాంక్యూ' అనుకుంట భుజం తట్టిండు.

పని దిగంగనే ఫోన్ కార్డు కొని మీ అమ్మకు, అదే రాజవ్వ చెల్లెకు చెప్పిన. 'చెల్లె, నీ పెనిమిటి కోసం ఇయ్యాల సైటంత బంద్ చేసిండ్రు, తెల్లోల్లు సుత టోపీలు తీసి ఏడ్సిండ్రు' అన్న. అప్పటిదాంక ఆమె ఏడుసుడు తప్ప ఒక్క మాట మాట్లాడలే. గా మాట ఇని, 'గట్లనా అన్నా? అంత పేరు తెచ్చుకున్నడా?' అన్నది. నువ్వప్పుడు మూడో తరగతి. పక్కనే ఉన్నవు, నీ సప్పుడు ఇనవడ్డది నాకు.

రెండు దినాలకు స్టోర్ల పైపులు బిగిచ్చే క్లాంపులు తెచ్చుకుందామని పోయిన. వర్గీస్ అని కేరళాయన ఉంటడు స్టోర్ల, మంచోడే, ఆయననేం అనలేం. 'భాయ్, మీరందరు మా సారు గుండె కరిగిచ్చిండ్రు' అన్నడు. ఏందంటె, గోడ మీద కాయితం సూపిచ్చిండు. ఫోటో. అమెరికోల్లది రెక్కలున్న రాకెట్ బండి. మనుషులను ఎక్కిచ్చుకొని రాకెట్ లెక్క మొగులు మీదికి పోయి, మల్ల ఇమానం లెక్క దిగుతది సూడు, గది. ముప్పై ఏండ్లు తిప్పి ఇగ బంద్ చేసిండ్రట. ఆఖరుసారి దిగిన రెండు దినాలకే మా మీటింగ్ అయ్యింది. సారు వాళ్ల నాయిన ఆ బండి కాడనే పని చేసిండట, బండి కాలకుంట కింద పెంకులు అతికే పని. గందుకు సారుకు దుఃఖం. గందుకు హెల్మెట్.

అర్థమైందా అల్లుడా? మీ నాయిన కోసం గాదు. బండి కోసం.

ఇంక ఇను, అయిపోలే. మేము ఏడుస్తుంటె ఆఫీసుల ఎవ్వడో ఫోటో తీసిండు. సారు దాన్ని వాళ్ల నాయినకు పంపిండట. 'ఖతర్ ఎడారిల కూలోల్లు సుత నీ బండి కోసం ఏడ్సిండ్రు' అని రాసి పంపిండట. ఆ ముసలాయన వాళ్ల దోస్తులకందరికి సూపిచ్చిండట. వర్గీస్ సంబురంగ చెప్తున్నడు నాకు! లింగయ్య బావ మీది ఏడుపును మేము ఎన్నడు సూడని ఊరికి తీస్కపోయి బండికి దండ లెక్క వేసిండ్రు. క్లాంపుల బస్తా ఆడనే ఇడిసి వచ్చిన నేను.

క్యాంప్ మెస్సుల టీవీల రోజు గదే సూపెట్టేది. అమెరికల జనం రోడ్ల పొంటి నిలవడి, జెండాలు పట్టుకొని, ఒగలనొగలు పట్టుకొని ఏడుసుడు. మావోల్లు నవ్విండ్రు. 'బండి పాతగైతె తుక్కుకు వేస్తరు గని ఏడుస్తరా?' అని. ఖాన్ అని పఠాన్ డ్రైవర్ ఉండె, ఆయన ఒక్కడు నవ్వలే. 'నా మొదటి లారీ అమ్మిన నాడు నేను సుత ఏడ్సిన' అన్నడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ బండిని తుక్కుకు సుత వెయ్యరట, పెద్ద ఇల్లు కట్టి, ఏసీ వెట్టి, అందులో నిలవెడ్తరట. జనం టికెట్ కొని సూస్తరట. మీ నాయినను చెక్క డబ్బాల వెట్టి సామాన్లతోని ఇమానం అడుగున పంపిండ్రు.

ఒక్క మనిషి యాదికున్నడు గా టీవీల. నా ఈడోడే, నీలం బట్టలు. బండి కింద నిలవడి అరసెయ్యి దానికి ఆనిచ్చిండు, తియ్యబుద్ధి కాలే ఆయనకు. వాళ్లందరి నౌకర్లు పోయినయట, వేల మందియి. ఆ మనిషిని నేను తిట్టలేదు. ఆయన నా అసొంటోడే. కానీ ఆయన ఏడుపును దునియంత సూసింది. మనది ఎవ్వడు సూడలే. సూసినోడు సుత అది మనది అనుకోలే.

ఊకోలేక సారు ఆఫీసుకు పోయిన. బల్ల మీద వాళ్ల నాయిన ఫోటో, ఎనుక గా బండి. నాకొచ్చిన ముక్క ఇంగ్లీషుల, 'సార్, దట్ డే, లింగయ్య' అన్న. 'హూ?' అన్నడు.

హూ? అన్నడు అల్లుడా. ఎవ్వడు అని. మల్ల చెప్పిన, 'స్కాఫోల్డర్ సార్, రూంల సచ్చిపోయిండు'. 'నంబర్ ఎంత?' అన్నడు. మీ నాయిన నంబర్ చెప్పిన. కంప్యూటర్ల కొట్టి సూసి, అగో అప్పుడు 'ఓ, సారీ, సారీ' అన్నడు. నిజంగనే మొకం చిన్నవోయింది ఆయనది. చెడ్డోడు కాదు. చెడ్డోడైతె తిట్టుకొని మర్సిపోదును. తన నాయిన కోసం అంత ఏడ్సినోడు, ఇంకొక పిలగాని నాయిన పేరు తెల్సుకోలే. గదే నాకు మింగుడుపడది.

ఇగ నా తప్పు ఇను. ఆ పొద్దు ఫోన్ల చెప్పింది అబద్ధం కాదు, నేను నమ్మి చెప్పిన. ఇదంత తెల్సినంక చెల్లె మల్ల ఫోన్ చేసింది. బావ ఇంక ఊరికి చేరలే. 'అన్నా, తెల్ల సారు ఏమన్నడు మా ఆయన గురించి?' అన్నది. అప్పుడు చెప్పద్దా నేను? 'లింగయ్య అసొంటి పనోడు మల్ల దొరకడు అన్నడు చెల్లె' అన్న. గది అబద్ధం. తెల్సి తెల్సి చెప్పిన. ఆమె దినాల నాడు అందరి ముంగట చెప్పింది. ఊరు ఊకుంటదా? ఖతరును సుత దుబాయ్ అనే ఊరాయె. మల్ల నేను సెలవుకు పోయేటాల్లకు, లింగయ్య కోసం దుబాయ్ మొత్తం బంద్ చేసిండ్రట, రాజు సుత వచ్చిండట! నన్ను కుర్చేసి కూసోవెట్టి అడుగుతరు, నేను తల ఊపుడు. పద్నాలుగేండ్ల సంది ఊపుతున్న. మెడ నొయ్యదా?

ఇప్పుడు మల్ల చంద్రుని దిక్కు మనుషులను తోలుతున్నరట గదా, పోయిన నెల నువ్వే ఫోన్ల సూపెట్టినవు, నేను మొకం తిప్పుకున్న. నువ్వు నాకు సదువు లేదు, గందుకు అనుకున్నవు. కాదు బిడ్డా. నాకు గా బండ్లంటెనే పడది.

ఆ జాగ సూపియ్యుమంటివి. ఇప్పుడు ఆడ పెద్ద హోటల్ ఉన్నది. మేము పరంజ కట్టిన హోటలే. గేటు కాడ నిలవడితె 'యల్లా యల్లా, రో', నడు నడు అని గెదుముతరు. అయినా నువ్వు ఆడ కాయ కొడితె అది ఎవ్వనికి కొట్టినట్టు? గందుకే చెప్పిన ఇయ్యాల. పద్నాలుగేండ్లు ఆగిన గని, నిన్న నువ్వు కాయ కొడుతనని వాయిస్ మెసేజ్ వెట్టేసరికి నాతోని కాలే.

ఏడువకు. ఏడువకు అంటలేను, ఏడువు, ఏడిస్తె ఏం పాయె. ఒక్క మాట ఇను. సారు ఎవ్వని కోసం తీసిండో తీసిండు. డెబ్బై మందిమి మేము మాత్రం లింగయ్య కోసమే తీసినం. గది అబద్ధం కాదు. ఏ దేవుని ముంగటనైనా చెప్త నేను.

లే ఇగ. క్యాంప్‌కు పోదాం. కంపెనీ పేరు మారింది గని రూం గదే, కింది మంచం గదే. ఇప్పుడు దాని మీద నేపాల్ పిలగాడు పండుకుంటడు. పొద్దున అడిగిన ఆయనను, 'కొట్టుకోండ్రి చాచా' అన్నడు, పరుపు సుత తీసి పక్కకు వెట్టిండు. కాయ ఆడ కొడుదాం. ఫోటో తియ్యి. అమ్మకు ఏం చెప్తవో నీ ఇష్టం. నిజం చెప్తె నా పేరు మీద చెప్పు, తిట్లు నేను తింట. చెప్పకుంటె... చెప్పకుంటె ఇగ నీ మెడ సుత నొస్తది, గంతే.

దా, సెయ్యియ్యి, మోకాళ్లు పట్టేసినయి. నువ్వు సల్లగుండు బిడ్డా. నీ కోసం ఎన్నడు ఎవ్వడు హెల్మెట్ తియ్యద్దు. బండి కోసం తీసుకోనియ్యి, రాజు కోసం తీసుకోనియ్యి, నీ కోసం మాత్రం తియ్యద్దు. పొద్దుగాల అలారం మోగంగనే లెవ్వు. రోజు లెవ్వు కొడుకా.