ఇంటికీ కొట్టానికీ నడుమ తాడు

— తాతా, ఇంటి కాణ్ణుంచి కొట్టం దాక ఈ తాడెందుకు కట్టినవ్? బట్టలారేసుకునేదైతె గింత కిందికి కడ్తరా?

బట్టల తాడు గాదు బిడ్డా అది. దాని మీద ఎవలన్న బట్ట గిట్ట ఏస్తె నాకు మస్తు కోపమస్తది, ముందుగల్నే జెప్తున్న. మొన్న మీ నాయిన తువ్వాలేస్తే ఎట్ల మొత్తుకున్ననో అడుగు. ఆ ఫోను నా మూతి కాడ వెట్టకు, జర దూరం వెట్టు. ఇనవడ్తదా? సరె. ఈ తాడు సంగతి జెప్పాల్నంటె అమెరికాల ఒక కౌంటీ ముచ్చట ఎత్తుకోవాలె. నవ్వకు. నేను అమెరికా పోలె, పోను గూడ. బొంబాయి కెంచి దుబాయ్ పోవుడు, మల్ల బొంబాయికి వచ్చుడు, గంతే నా ఇమానం. అయినగాని ఆ కౌంటీల ఏ తొవ్వ యాడికి వోతదో, వాగు ఏ నెలల ఎండుతదో నన్నడుగు. జెప్త.

దుబాయ్ అన్నగని అది దుబాయ్ గాదు. మనోళ్లం అన్నిటినీ దుబాయ్ అనే అంటం. నేనున్నది ఉమ్ అల్ క్వైన్‌ల, అదీ సముద్రం దిక్కు గాదు, లోపటికి, ఉత్త ఉసికెల. నీళ్ల కోసం బోర్లేసే కంపెని. ఏజెంటు "నీకేం పనొస్తది" అనడిగితె "నీళ్లు తీసుడొస్తది" అన్న. బావులు తవ్విన మనిషిని గదా, అబద్ధమేం గాదు. మీ నాయిన అప్పటికి పాకుతుండె. ఎన్క ఏడాది నర్సయ్యను గూడ తోల్కపోయిన. నర్సయ్య ఎవలో ఎర్కనే గదా, మెట్‌పల్లిల మోటార్ల దుకాణం తాత. మీ బాపమ్మ తమ్ముడు, నాకు బామ్మర్ది. వాళ్లమ్మ తొందరగ సచ్చిపోయింది, మీ బాపమ్మనే వాణ్ణి సంకల ఏస్కొని సాదింది. మేం వొయ్యేనాడు బస్సు కాడ వాని చెయ్యి వట్టి నా చేతుల వెట్టింది. "పైసలు తెస్తవో తేవో నీ ఇష్టం. వచ్చేటప్పుడు ఈ చెయ్యి గిట్లనే వట్టుకొని రా" అన్నది. ఏడ్వలె, ఏం లేదు. గట్ల చూసింది, గంతే. ఆ చూపు నాకిప్పటికీ యాదికున్నది.

ఆ... యాడున్న? డేల్ సాబు. మా బోరు మిషిని మీద పెద్ద డ్రిల్లరు, అమెరికాయన. గడ్డం తెల్లవడ్డది, నెత్తి మీద ఎప్పుడు సూడు ఒకటే టోపి. ముదీర్, అంటె మేనేజరు, వారానికోపాలి జీపుల వచ్చి, దిగకుంటనే "యల్లా, యల్లా" అని తొందరవెట్టి వోయేటోడు. డేల్ సాబు మాత్రం మాతోని కల్సి గ్రీజుల చేతులు వెట్టేటోడు. ఆయనకు ఇంగిలీషు దప్ప రాదు. మాకు తెలుగు, ఉర్దూ దప్ప రాదు. నడుమ ఖాదర్ భాయ్ అని హైదరాబాద్ మెకానిక్కు, ఆయన ఇంగిలీషును ఉర్దూ జేసి మాకు జెప్తుండె. పాపం, చాయ గూడ సల్లారిపోతుండె ఆయనకు, చెప్పుడు ఒడ్వకపోయేది.

పొద్దుమీకి చాయ తాగేటప్పుడు డేల్ సాబు ఇనుప సలాకతోని ఉసికెల ఒక డబ్బా గీసేటోడు. "ఇది నా కౌంటీ." కౌంటీ అంటె మన తాలూకా అసుంటిది బిడ్డా, మండలాలు గాక ముంగట తాలూకాలుండె గదా, గది. నడుమ ఒక నట్టు వెట్టేటోడు, అది కచేరి ఉన్న ఊరు. మూలలకు నాలుగైదు బోల్టులు, అవి పల్లెలు. తొవ్వలు మైలుకొకటి, నిలువు కొన్ని, అడ్డం కొన్ని, అచ్చం గళ్లలుంగి లెక్క. గుట్ట లేదు, బోడు లేదు. అడ్డంగ ఒక వాగు, ఎండకాలం వట్టిదే. "మా వాగు గూడ గంతే" అన్న నేను. అప్పుడు ఆయన నా దిక్కు సూసి చుట్టం దొరికినంత సంబురపడ్డడు.

మంది ఎంతమంది అంటవా? అదే కదా మాకు నమ్మబుద్ధి గాలె. మనూరు, పక్కూరు, ఆ వాగవతలూరు కలిపితె ఆయన కౌంటీ మందికంటె ఎక్కువైతరు. జాగ సూస్తె మన తాలూకాకు పెద్దది. నర్సిగాడు చెవుల ఊదిండు, "బావా, గంత జాగల గంతే మందా, రాత్రయితె ఎట్లుంటర్రా నాయినా" అని. డేల్ సాబుకు ఖాదర్ భాయ్ అది గూడ జెప్పిండు, ఆయన నవ్విండు. మంది తక్కువున్నరు కాబట్టే ఒకల్ని ఇడ్సి ఒకలు ఉండరట. తొవ్వల ఎదురుంగ బండస్తె, నడిపేటోడు ఎర్కున్నా లేకున్నా స్టీరింగు మీదికెంచి ఒక్క ఏలు లేపాలె. అదే రాం రాం. లేపకపోతె వాడు పొగరుబోతు కింద లెక్క. మేం గూడ నేర్సుకున్నం. ఆ ఎడారిల నీళ్ల ట్యాంకరు ఎదురయితె మేమంత ఏళ్లు లేపుడే. పఠాను డ్రైవరు మొదట్ల "మీకేమైంది" అన్నడు, ఎన్క ఆయన గూడ లేపుడు వెట్టిండు.

అసలు ఆ కౌంటీ ఎట్లయిందో గూడ జెప్పిండు. ఆడ ముందుగాల ఉన్నోళ్లు వేరేనట. గుర్రాల మీద తిరుక్కుంట అడివి దున్నల్ని కొట్టుకొని బతికేటోళ్లు. "వాళ్లను ఎల్లగొట్టి సర్కారు మా తాతలకిచ్చింది" అని ఆయన నోటితోనే జెప్పిండు, దాసలె. ఆ మాట జెప్పేటప్పుడు టోపి తీసి మోకాలు మీద వెట్టుకునేటోడు. ఎన్క ఎవలొచ్చి దున్నుకుంటె వాళ్లకే భూమి. వాళ్ల తాత బండి కట్టుకొని వచ్చిండట, కట్టె దొరకక మట్టిపెళ్లలతోని ఇల్లు కట్టుకున్నడట. అందరు దున్నిర్రు, దున్నిర్రు, గడ్డి లేకుంట దున్నిర్రు. వాళ్ల నాయిన పిల్లగాడున్నప్పుడు వానలు ఎగవెట్టినయి. దున్నిన మన్నంత గాలికి లేసిపోయింది. సగం మంది ఇండ్లిడిసి పోయిర్రు. ఉన్నోళ్లు బోర్లేసుకున్నరు, మల్ల గోధుమ పండించిర్రు. అందుకే డేల్ సాబు బోర్ల పని నేర్సిండు. ఎండిన ఊర్ల పుట్టినోనికి నీళ్ల మీద ఎంత ప్రేమ, ఎంత పావురముంటదో నాకు ఎర్కనే.

నీకొకటి జెప్పాల్నా? నాకు ఆ మనిషి అందుకే మస్తు నచ్చిండు. ఆ కౌంటీల సూడనీకి ఏం లేదు. కోట లేదు, దర్గా లేదు, సముద్రం లేదు. అయినా ఎంత పావురంగ జెప్పేటోడు. ఒకపాలి "నీ కౌంటీ గీయి" అని సలాక నా చేతుల వెట్టిండు. నేను గోదారి గీసిన, మెట్‌పల్లి వెట్టిన, మనూరు వెట్టిన. ఆ ఎన్క చెయ్యి ఆగిపాయె. మన తాతలు యాడికెంచి వచ్చిర్రో, ఊరెప్పుడు కట్టిర్రో అడిగితె నాకేం తెల్వదు. సిగ్గయింది. గందుకే మొన్న నిన్ను కూసోవెట్టి మన తాతల పేర్లన్ని జెప్పిన, నువ్వేమో నిద్రవోయినవ్.

ఆ, తాడు, తాడు. వస్తున్న. ఆయన కౌంటీల చలికాలం మంచు తుఫాను లేస్తదట. తెల్లగ గాలి దప్ప ఏం కనవడదట, నీ చెయ్యి నీకే కనవడదట. వాళ్ల తాతకొక తమ్ముడుండె. ఇంట్లకెంచి కొట్టానికి పోయిండు, పశువులకు గడ్డేద్దామని. ఈ మన ఇంటికీ కొట్టానికీ ఎంతుందో గంతే దూరం. తిరిగి రాలె. మంచు కరిగినంక దొర్కిండు, ఇంటి గోడను దాటి పోయిండట పాపం, గోడ పక్క పొంటే. అప్పటికెంచి ఆ కౌంటీల ప్రతి ఇంటోళ్లు చలి రాంగనే ఇంటికీ కొట్టానికీ తాడు కడ్తరట. బయటికి వోతె తాడు వట్టుకొనే పోవాలె, తాడు వట్టుకొనే రావాలె.

మరి డేల్ సాబు మా ఎడారిల గూడ కట్టిండు. క్యాంపు గదుల కాణ్ణుంచి నీళ్ల ట్యాంకు దాక, ఆడికెంచి ఒంపు తిరిగి బోరు మిషిని దాక. లావు నైలాను తాడు, నడుము ఎత్తుకు. మేం నవ్వినం. ఎండ ఫెళఫెళ కాస్తుంటె మిషిని కండ్ల ముంగట్నే కనవడ్తది, దానికి తాడెందుకు? ముదీర్ గూడ నవ్విండు. అందరికంటె ఎక్కువ నవ్వింది మా నర్సిగాడు. "మేమేమన్న బర్లమా బావా" అనేటోడు. కావల్నని లుంగి దాని మీద ఆరేసేటోడు. డేల్ సాబు ఆ లుంగి తీసి, మడతవెట్టి, వాని మంచం మీద వెట్టేటోడు. రోజు పొద్దుగాల ముడులన్ని గుంజి సూసుకునేటోడు.

ఒకనాడు పగటీలి బువ్వ తిన్నంక, వాయవ్యం దిక్కు మొగులు ఎర్రగయింది. షమాల్ అంటరు ఆ ఉసికె గాలిని. డేల్ సాబు హారను కొట్టుడు వెట్టిండు. మిషిని కాడున్నోళ్లంత తాడు వట్టుకున్నరు. నేను గూడ వట్టుకున్న, నవ్వుకుంటనే వట్టుకున్న. ట్యాంకు కాడికి రాలేదో లేదో ఇగ దుమారం మీద వడ్డది. కండ్లల్ల, ముక్కుల ఉసికె. ముంగట నడిచేటోని ఈపు గూడ కనవడ్తలేదు. గదుల కాడికొచ్చి తలుపేసుకొని ఒకల మొకాలు ఒకలం సూసుకున్నం. నర్సిగాడు లేడు.

ఎవడో అన్నడు, "తాడు ఒంపు తిరుగుతది గదా, చుట్టుగెందుకని సీద ఉరికిండు" అని. మీ బాపమ్మ చూపే కనవడ్డది. తలుపు దీసి బయటికి ఉరుకుదామని లేసిన. డేల్ సాబు నా రెక్క వట్టి ఆపిండు. ఉరికితె ఇద్దరం పోతమని, నాకు ఇంగిలీషు రాకున్నా అర్థమయింది.

ఇంకో లావు తాడు తీసిండు. ఒక కొస తన నడుముకు కట్టుకున్నడు. నన్ను, ఖాదర్ భాయ్‌ను ఎంట వెట్టుకున్నడు, పాత తాడు వట్టుకొని ట్యాంకు కాడికి పోయినం. రెండో కొస ట్యాంకు కాలుకు ఒక సుట్టు తిప్పి నా చేతుల వెట్టిండు. ఖాదర్ భాయ్ నా చెవుల అర్సి జెప్పిండు, "రస్సీ మత్ ఛోడ్నా, తాడు ఇడువకు. ఒకపాలి గుంజితె ఆపు. రెండుపాలి గుంజితె ఇంకింత ఇడువు. ఊకె గుంజుతుంటె మనిషి దొర్కినట్టు." అందరున్నరు గదా, నాకే ఎందుకిచ్చిండంటె, వాడు నా మనిషి. ఎవలిడిసినా నేనిడువ.

పోయిండు. మూడు అడుగులల్ల మాయమైండు. గానుగెద్దు తిరిగినట్టు ట్యాంకు సుట్టు తిరుగుతున్నడు ఆయన, తాడు బిర్రుగ వట్టుకొని. ఒక సుట్టు తిరిగి రెండుపాలి గుంజేటోడు, నేను ఇంకింత ఇడిసేటోణ్ణి. మల్ల ఇంకా పెద్ద సుట్టు. నాకు కండ్లు లేవు, చెవులు లేవు. ఉన్నదంత నా అరచేతులల్లనే ఉన్నది. తాడు రాసి తోలు లేసింది, అది గూడ ఎన్కనే సూసుకున్న. ఒక కాడ తాడు ఆగిపాయె. ఆగిందంటె ఆగింది, ఎంతకూ కదలదు. ఖాదర్ భాయ్ నా పక్కన నమాజుల మాటలు సదువుతున్నడు. నేను మన రాజన్న దేవునికి మొక్కిన, ఏం మొక్కిన్నో గూడ యాదికి లేదు. ఇద్దరూ పోయిర్రనుకున్న.

అప్పుడు తాడు కదిలింది. ఊకె, ఊకె, ఊకె గుంజుతున్నడు.

ఏడ్సిన. ఏడ్సుకుంటనే గుంజిన. ముందుగాల టోపి లేని నెత్తి వచ్చింది, దాని ఎన్క నర్సిగాడు. ఆ పిచ్చోడు క్యాంపు దాటిపోయి, ఎడారి దిక్కు నడిసి నడిసి, ఇగ అడుగు వడక తువ్వాల నెత్తిన గప్పుకొని కూసున్నడట. డేల్ సాబు కాలు తాకితె దెయ్యమనుకున్నడట. వాని చెయ్యి ఆయన చేతుల ఉండె, తెచ్చి నా చేతుల వెట్టిండు. మీ బాపమ్మ బస్సు కాడ వెట్టినట్టే. ఆయనకా ముచ్చట తెల్వదు, నేనెప్పుడు జెప్పలె.

తిట్టలె ఆయన. ముదీరుంటె ఎన్ని మాటలనేటోడో. చాయ వెట్టుమన్నడు, తాగినం, గంతే. తెల్లారి లేసి సూస్తె నర్సిగాడు మాకంటె ముందుగాల లేసి తాడు ముడులు గుంజి సూస్తున్నడు. డేల్ సాబు దూరంకెంచి సూసి ఒక్క ఏలు లేపిండు. మావోడు గూడ లేపిండు. మేం ఆడున్నన్ని దినాలు ఇగ ఆ ముడుల పని వానిదే.

ఇంటికొచ్చేటప్పుడు అందరు టేపురికార్డరు, సెంటు సీసలు తెచ్చుకుంటె, నేను ఆ తాడుల ఒక తునక గూడ పెట్టెల వెట్టుకొచ్చిన. మీ బాపమ్మ పెట్టె తెరిసి "దుబాయ్ పోయి మోకు తెచ్చినవా" అని ఊరంతటికి జెప్పుకొని నవ్వింది. ఎన్క నర్సిగాడు ముచ్చటంత జెప్పినంక ఇగ నవ్వలె. బావిల బొక్కెనకు కట్టుకున్నం, అరిగి అరిగి పోయింది అది. ఇప్పుడున్నది మెట్‌పల్లిల కొన్నది, గంత మంచిది గాదు.

షుగరుతోని మీ బాపమ్మ కండ్లు పోయినయి గదా. బర్రెకు గడ్డి ఆమెనే ఎయ్యాలె, ఇంకొకలేస్తె ఒప్పుకోదు. ఎవలన్న చెయ్యి వట్టి నడిపిస్తె కోపం, నీకు ఎర్కనే. వారం దినాలు గదిలనే కూసున్నది, బువ్వ గూడ సరిగ తినలె. అది సూడలేక ఈ తాడు కట్టిన. మొదట్ల తిట్టింది నన్ను. ఎన్క ఒకనాడు పొద్దుగాల నేను లేసేటాలకు కొట్టంల ఉన్నది, బర్రెతోని ముచ్చటవెడుతున్నది. ఇప్పుడు మీ నాయిన కారు లోపటికి రాదట, తాడు తీసెయ్యమంటున్నడు. కారు బయట వెట్టుకొమ్మను. దానికి కండ్లున్నయి, లైట్లున్నయి.

ఇగో, ఇటు రా. ఈ తాడు మీద నీ చెయ్యి వెట్టు. గట్టిగ వట్టకు, ఊకె ఆనిచ్చు. కదులుతున్నదా?

లెవ్వకు, లెవ్వకు. ఎదురు వోకు. ఆమెనే వస్తది. సల్లగుండు నా తల్లి, గట్లనే చెయ్యి వెట్టి కూసో.