ఇరవై మూడు అంగల దూరం

1990వ సంవత్సరం జూలై నెల రెండవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, పాదాలకంటే రెండు సైజులు పెద్దవైన బూట్లు తొడుక్కుని, పొడవాటి యువకుడొకరు మన ప్రధాన అగ్నిమాపక కేంద్రం గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చునా అని అడిగారు. బూట్లు శాఖవారు ఇచ్చినవి. అడిగి అడుగుపెట్టడం ఆయన స్వభావం. ముప్పై ఐదేళ్ళ నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ మహాశయుణ్ణి హాజరు పట్టీ ఏ పేరుతో పిలిచినా, ఈ నగరంలోని తొమ్మిది కేంద్రాలవారూ ఎరిగినది మాత్రం ‘కడ్డీ గారు’గానే. ఆ బిరుదును ఎవరూ సభ చేసి ఇవ్వలేదు. ఆయన చేతిలోని నాలుగడుగుల ఇనుప కడ్డీయే తెచ్చిపెట్టింది.

తొలి రెండేళ్ళూ కడ్డీ గారికి దక్కిన విధి గొట్టాల గదిలో. మంటనార్పి వచ్చిన తడి గొట్టాలను కడగడం, బురుజు పైనుంచి వేలాడదీసి ఆరబెట్టడం, చిరుగులు చూసి అతుకువేయడం, చుట్టలు చుట్టి బండిలో సర్దడం. ఉరుకులు పరుగుల ఉద్యోగమని ఉబలాటపడి వచ్చిన మనిషికి ఇది ఉతుకుడు పనిలా కనిపించినా, ఆయన విసుక్కోలేదు. చేతులు పని చేస్తుంటే కళ్ళు గోడలను చదివాయి. గొట్టాల గది ఒకప్పుడు గుర్రాలసాల అనీ, మనమందరం శిరస్త్రాణాలు తగిలించే ఇనుప కడియాలకు ఒకనాడు నీళ్ళబండి లాగే గుర్రాలను కట్టేవారనీ, గొట్టాలారే బురుజు మీద పూర్వం కాపలావాడు కూర్చుని పొగ కనబడితే గంట కొట్టేవాడనీ, అంతకు ముందు తోలు బక్కెట్లు చేతులు మారుతూ బావి నుంచి మంట దాకా వెళ్ళేవనీ ఆయన ఒక్కొక్కటిగా కూపీ లాగారు. కొత్తగా చేరినవారికి ఈ చరిత్రంతా చెప్పి, చివర ఒకటే మాట అనేవారు: “బక్కెట్టు పోయింది, గుర్రం పోయింది, గంట పోయింది. ఎన్ని పోయినా అడిగే ప్రశ్న ఒక్కటే మిగిలింది నాయనా: నీళ్ళెక్కడ?”

ఆ ప్రశ్నే ఎనిమిదో ఏట ఆయనకు ఎదురయింది. 1998లో లీడింగ్ ఫైర్‌మన్‌గా పదోన్నతి పొందిన కడ్డీ గారికి హైడ్రెంట్ల తనిఖీ బాధ్యత అప్పగించారు. రోడ్డులో ఇనుప మూత కింద, పెద్ద నీటి గొట్టానికి అమర్చి ఉండే కుళాయిని హైడ్రెంటు అంటారని సహోద్యోగులకు చెప్పనక్కరలేదు గాని, ఈ వీడ్కోలు సంచికను చదవబోయే కుటుంబ సభ్యుల కోసం చెబుతున్నాం. నెలనెలా ప్రతి మూతనూ తెరిచి, నీళ్ళు వస్తున్నాయో లేదో చూసి పుస్తకంలో రాయాలి. మూతలు వేలు, మనుషులు ముగ్గురు. అందుచేత ఆ పుస్తకంలో ఒక మాట వంశపారంపర్యంగా వస్తూ ఉండేది: ‘యథాప్రకారం’. చూసి రాసినదో, కిందటి నెల చూసి రాసినదో, కిందటి తరం చూసి రాసినదో చెప్పని మాట అది.

ఇక్కడ ఒక విన్నపం. ఈ తరువాతి సంగతిని కడ్డీ గారే పట్టుబట్టి రాయించారు. “పొగడ్తలు మీ ఇష్టం. ఇది రాయకపోతే మాత్రం నా గురించి అక్షరం రాయొద్దు” అన్నారు.

బాధ్యత చేపట్టిన మొదటి నెలలో దర్జీ సందు హైడ్రెంటు ఎదురుగా ఆయన కూడా ‘యథాప్రకారం’ అని రాశారు. వెళ్ళి చూడలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం ఆ సందు చివరి కుట్టు దుకాణం అంటుకుంది. ఇంజను పట్టని ఇరుకు సందు. గొట్టం భుజాన వేసుకుని పరుగెత్తిన కడ్డీ గారికి నున్నటి తారు తప్ప మూత కనబడలేదు. అక్కడ మూత కనబడక ఎన్ని ఏళ్ళయిందో ఎవరికీ తెలియదు. పక్క వీధి నుంచి గొట్టాల మీద గొట్టాలు కలిపి నీళ్ళు తెచ్చేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. ప్రాణాలు దక్కాయి. రెండు కుట్టుమిషన్లు, నిలువుటద్దం, బడి పిల్లల కోసం కుట్టి సిద్ధం చేసిన అరవై జతల బట్టలు దక్కలేదు. దుకాణం యజమానురాలు, వీధివారందరికీ టైలరమ్మ, రోడ్డు మీద కూర్చుని, చేతిలో మిగిలిన కత్తెరనే చూస్తూ ఉండిపోయారు.

తప్పు రోడ్డు వేసినవారిదని తేలింది. కడ్డీ గారిని ఎవరూ ఒక్క మాట అనలేదు. అననందువల్లనే ఆ మాట ఆయన లోపలే ఉండిపోయింది.

మరుసటి ఆదివారమే ఆయన కడ్డీ పట్టుకున్నారు. రోడ్డు మీద కొడుతూ వెళ్ళడం, బోలు శబ్దం వచ్చిన చోట ముగ్గుతో గుర్తు పెట్టడం. మన డ్రైవరు బావ (అందరికీ బావే, ఆయనను బావా అనని వాళ్ళు లేరు) ఆ రోజుల్లో అడిగిన మాట ఇప్పటికీ కేంద్రంలో వినిపిస్తుంటుంది.

“ఏంటి బావా, రోడ్డు తలుపు కొడుతున్నావు? లోపల ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నారు బావా. చాలాకాలంగా పలకరించక అలిగారు.”

పూడిపోయిన హైడ్రెంట్లకు ఆధారం ఒక్కటే: అరవై ఏళ్ళ కిందటి తొలి తనిఖీదారు చేతిరాత పుస్తకం. ‘రొట్టెల కొట్టు గుమ్మం నుంచి ఉత్తరంగా ముప్పై నాలుగు అంగలు’ అన్నట్టుగా ఉంటుంది అందులోని పద్ధతి. కడ్డీ గారు ఆ ప్రకారం ముప్పై నాలుగు అంగలు వేసి, ఎవరిదో పెరట్లో కుక్క ముందు తేలారు. మర్నాడు మరో చోట మురుగు కాల్వలో తేలారు. ఆ పెద్దమనిషి మతి తప్పి రాశాడేమోనని పుస్తకం మూసేయబోయిన తరుణంలో, షికారు అని నమ్మి వెంట వచ్చిన శ్రీమతి గారు, తోచక, మళ్ళీ ఆ రొట్టెల కొట్టు నుంచి తానూ లెక్కపెడుతూ నడిచారు. ముప్పై నాలుగు అనగానే ఆగారు. ఆయనకంటే పదిగజాలు వెనక.

“ఏమండీ, ఇక్కడ కొట్టండి ఓసారి.”

“అక్కడెందుకు? లెక్క ఇక్కడికొచ్చింది.”

“మీ కాళ్ళకి వచ్చింది. ఆయన మీలా తాటిచెట్టంత ఉండేవాడని ఎక్కడన్నా రాశాడా?”

కొట్టారు. ఖంగుమంది.

ఆనాటి తనిఖీదారు పొట్టిగా ఉండేవారనీ, ఆయన అంగ, మన శ్రీమతి గారి అంగ ఒక్కటేననీ ఆ విధంగా లోకానికి వెల్లడయింది. నాటి నుంచి నేటి వరకు, ఇరవై ఏడేళ్ళ ఆదివారాలు, ఆవిడ ముందు లెక్కపెడుతూ, ఆయన వెనక కడ్డీ మోస్తూ, నూట డెబ్బై ఆరు హైడ్రెంట్లను ఈ నగరం కడుపులోంచి తిరిగి తీశారు. ఏ ప్రశంసాపత్రంలోనూ ఆవిడ ప్రసక్తి లేదు. ఈ సంచిక ద్వారా ఆ లోపం సవరించుకుంటున్నాం. “పెళ్ళైన కొత్తలో షికారంటే పార్కనుకున్నాను. అరిగిన చెప్పుల లెక్క మీ ఆఫీసులో ఎవరైనా రాశారా?” అని ఆవిడ అడిగిన ప్రశ్నను మాత్రం శాఖవారి పరిశీలనకు పంపుతున్నాం.

అన్నీ దొరికాయి గాని ఒకటి మిగిలింది. ‘కుట్టు దుకాణం గుమ్మం రాతి నుంచి తూర్పుగా, సందు నడుమ, ఇరవై మూడు అంగలు.’ రోడ్లవారు రెండుసార్లు తవ్వి, లేదని పూడ్చేశారు. కడ్డీ గారు ఆ సందులో అడుగు పెట్టలేదు. శనివారం సాయంత్రం శ్రీమతి గారు “రేపు దర్జీ సందా?” అనేవారు. “వచ్చే ఆదివారం” అనేవారు ఆయన. ఎందుకో ఆవిడకు తెలుసు. తెలుసునని ఆయనకూ తెలుసు. ప్రమోషన్లు వచ్చాయి, స్టేషన్ ఆఫీసరయ్యారు, అతి పెద్ద గిడ్డంగి మంటలో పద్నాలుగు మందిని బయటికి తెచ్చి పతకం పుచ్చుకున్నారు. ఆ వచ్చే ఆదివారం మాత్రం రాలేదు.

మూడు నెలల కిందట విరమణ ఉత్తర్వు చేతికందిన రోజున, శ్రీమతి గారు అన్నం వడ్డిస్తూ, “ఇక మీకు ఆదివారాలు పన్నెండే ఉన్నాయి” అన్నారు. అంతే అన్నారు.

మొదటిదానికే వెళ్ళారు. సందు చివర, అదే చోట, తూర్పు ముఖంగా అదే కుట్టు దుకాణం. డెబ్బై దాటిన టైలరమ్మ మిషను మీదనుంచి తలెత్తారు. ఆవిడ వెనక గోడకు ఒక అట్ట వేలాడుతోంది: ‘ఇస్త్రీ ఇక్కడ చేయబడదు’.

“ఏం కుట్టాలి నాయనా?”

“కుట్టడానికి కాదమ్మా. ఒకటి చెప్పుకోవాలి.”

నిలబడే చెప్పారు. పాత పుస్తకంలోని గుమ్మం రాయి సంగతి, యథాప్రకారం సంగతి, ఆ పదకొండు నిమిషాల సంగతి. శ్రీమతి గారు గుమ్మం దగ్గర గోడనానుకుని ఉన్నారు. టైలరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఈ మాట చెప్పడానికి ఇరవై ఏడేళ్ళు పట్టిందా నీకు?”

“పట్టిందమ్మా.”

“పోన్లే. నీళ్ళాలస్యం సంగతి నువ్వు మోశావు. నిప్పు సంగతి నేను మోశాను. ఆ రోజు అన్నానికెళ్తూ ఇస్త్రీపెట్టె ఆపానో లేదో... ఇప్పటికీ గుర్తు రాదు. నా చేత్తో నేనే తగలెట్టుకున్నాను. మళ్ళీ ఆ పెట్టె ముట్టుకుంటే ఒట్టు.”

కడ్డీ గారు తలెత్తారు.

“ఇస్త్రీపెట్టె కాదమ్మా! పైగదిలో పాత కరెంటు వైరు. ఆ నెలలోనే రిపోర్టు వచ్చింది. నేను చదివాను. మీకు... మీకెవరూ చెప్పలేదా?”

“నాకెవరు చెప్తారయ్యా? తెలిసినవాడివి నువ్వు రాకపోతివి.”

అన్నది కోపంతో కాదు. అందుకే ఆ మాటకు కడ్డీ గారు అక్కడే స్టూలు మీద కూలబడ్డారు. తన తప్పు తనను మాత్రమే తింటోందని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నారు. మొహం చాటేసిన ప్రతి ఆదివారం మరొకరి నెత్తిన లేని నేరాన్ని ఉంచిందని అప్పుడు తెలిసింది. పతకం పుచ్చుకున్న చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చారు. “ఏడవకు. బట్టల మీద పడతాయి, రేపివ్వాల్సినవి” అన్నారు టైలరమ్మ, అంటూ కొంగుతో ముందు తన కళ్ళే తుడుచుకున్నారు.

తరువాత ఆవిడే లేచి, “ఏదీ, ఆ బల్ల పట్టు” అన్నారు. కత్తిరింపు బల్ల జరిపితే, దాని కింద, గచ్చులో, నిప్పుకు నల్లబడిన పాత గుమ్మం రాయి. మళ్ళీ కట్టినప్పుడు దుకాణాన్ని సందులోకి ముందుకు జరిపారట. రోడ్లవారు కొత్త గుమ్మం నుంచి కొలిచి, లేని చోట తవ్విపోయారు.

శ్రీమతి గారు చెప్పులు విడిచి, మడమ ఆ రాతికి ఆనించారు. ఒకటి, రెండు, మూడు... కొత్త గుమ్మం దాటి సందులోకి వచ్చేసరికి ఇరుగుపొరుగంతా గొంతు కలిపారు. ఇరవై మూడు. ఆవిడ పక్కకు తప్పుకున్నారు. కడ్డీ గారు కడ్డీ పైకెత్తి, అక్కడే ఆపారు.

“కొట్టండి. రోడ్డేం కరవదు” అన్నారావిడ.

ఖంగుమంది.

అనుమతి తెచ్చి, తరువాతి ఆదివారం పొద్దున తవ్వించారు. గుర్రాల కాలంనాటి పోత ఇనుము మూత. కుళాయి తిప్పడానికి డ్రైవరు బావ, కడ్డీ గారు ఇద్దరూ వేలాడవలసివచ్చింది. ముందు తుప్పు దగ్గింది, తరువాత బురద కక్కింది, ఆపైన తెల్లటి నీళ్ళు మనిషెత్తున లేచి, సందులోని అందరినీ తడిపేశాయి. “బావా, లోపలున్నవాళ్ళు పలికారు!” అని అరిచారు డ్రైవరు బావ. టైలరమ్మ దోసిలి పట్టి ముఖం కడుక్కున్నారు. పుస్తకంలో నూట డెబ్బై ఏడవ పద్దుకు ఎదురుగా కడ్డీ గారు రాసిన వాక్యం ఇది: ‘వెళ్ళాను. చూశాను. నీళ్ళు వచ్చాయి.’ అందులో మన శాఖ మర్యాదకు తగిన భాష లేదని ఒక అధికారి అన్నారు గాని, ఇకమీదట అందరూ అలాగే రాయాలని ఉత్తర్వు వేసింది కూడా ఆయనే.

వీడ్కోలు సభలో కడ్డీ గారు తొడుక్కోబోయే తెల్ల చొక్కాను కుటుంబ సభ్యులూ, సహోద్యోగులూ దయచేసి గమనించగలరు. కొలతలు తీసి కుట్టింది టైలరమ్మ. అది తెచ్చుకోవడానికి వెళ్ళిన శ్రీమతి గారికి గోడమీద ఆ అట్ట కనబడలేదట. చొక్కా మడత మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగా ఉందట. “నలపకుండా పట్టుకెళ్ళమ్మా, ఇరవై ఏడేళ్ళ తరవాత చేతికొచ్చిన ఇస్త్రీ, గీత కాస్త వంకర పోయింది” అన్నారట ఆవిడ.

ఆ వంకర గీతతోనే కడ్డీ గారు మన గుమ్మం దాటాలని కోరుకుంటున్నాం. ఆయన చేతిలో ఇక కడ్డీ లేకుండుగాక. ఆ చేతిని శ్రీమతి గారు పట్టుకుందురుగాక. ఆ పుణ్యదంపతులకు సంపూర్ణమైన ఆరోగ్యమూ, ఆయన పొడవాటి కాళ్ళతో కాక ఆవిడ చిన్న అంగలతో కొలవవలసినంత దీర్ఘమైన ఆయువూ, దారిలో మూతలు వెతకనక్కరలేని ఆదివారాలూ లభించాలని ఈ నగర అగ్నిమాపక సిబ్బంది అందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాం. ఈ ఆదివారం పార్కుకే వెళ్ళండి.