కోదండరామి షరతు

ఈ ముచ్చట మొదట నాకు చెప్పింది పక్కీరమ్మ. దోణిమలై దారిలో లారీలు వరసగా నిలబడే సాలు పక్కన టీ అంగడి పెట్టుకొన్నింది సూడు, ఆయమ్మ. తక్కింది నా కండ్లతో నేనే చూసినా. కూచో శివు. మీ లారీ సంఘమోళ్ళు కోదండరామి పేరుతో రాయి నిలబెడతాండారంట, దానిమీద ‘కంప్యూటర్ ప్రోగ్రాం దానం చేసిన పుణ్యాత్ముడు’ అని చెక్కిస్తాండారంట. ఎవడప్పా ఆ మాట రాసింది? నువ్వేనా? నాకు సంతకం మించి రాదు గానీ, అబద్ధం చదివి వినిపిస్తే తెలుస్తాది. వాడు పుణ్యాత్ముడూ కాదు, దానమూ చెయ్యలేదు. పరమ మొండోడు. టీ చల్లగుంటే పక్కీరమ్మ చూస్తాండంగానే నేల మీద పారబోసేవాడు. వాడు ఇచ్చింది షరతు మీద.

ఇనుపరాయి మైనింగ్ జోరు మీదుండే కాలమది. యార్డు గేటు కాడ లారీలు కొండ చుట్టుకొని నిలబడేవి, నా లారీ కూడా. ఎవడు ముందు లోడుకి పోవల్ల అనేదాని మీద రోజూ తలకాయలు పగిలేవి. కోదండరామి యార్డులో కంప్యూటర్ ముందర కూచొనేవాడు కదా, వాడే ఒక ప్రోగ్రాం రాసినాడు. వచ్చిన లారీ నంబరు కొడితే వంతు అదే చెప్తాది, బయట టీవీ మాదిరి పెట్టెలో అందరికీ కనపడతాది. కొట్లాటలు నిలిచిపోయినాయి. పక్క యార్డులోళ్ళు మాకూ కావల్లంటే, “తీసుకోండప్పా, సుమ్నే, ఊరికే ఇస్తా” అన్నాడు. “అయితే ఒకటి. ఎవడైనా మార్చుకోవచ్చు, ఇంకొకనికి ఇచ్చుకోవచ్చు. ఏం మార్చినాడో మాత్రం అడిగినోనికి తెరిచి చూపించల్ల, మార్చినోని పేరు దాంట్లో పెట్టల్ల. తాళం ఏసేది లేదు.” పై దేశాల్లో కంప్యూటరోళ్ళు ఇట్లాంటి షరతులు రాసుకొనే పంచుకుంటారంట. పై దేశాలెందుకప్పా, మా సాల్లో జాకీ తిరిగేది అట్లే కదా! టైరు పోయినోడు తీసుకొంటాడు, ఇంకొకడు అడిగితే ఇచ్చేస్తాడు. ఎవడిదని అడిగేది లేదు, టూల్ డబ్బాలో దాచుకొనేది లేదు.

ఎందుకిచ్చినాడంటావా? పక్కీరమ్మ లెక్క వేరే. “ఏం ధర్మమన్నా! సౌందర్యని చేసుకుంటానని అడిగితే వాళ్ళన్న విక్రమ్ లేదు పో అన్నాడు. ఆ విక్రమే ప్రోగ్రాం కొని అమ్ముకోవల్లని చూస్తాంటే, కసికొద్దీ ఊరంతా పంచినాడు” అనేది. విక్రమ్ అంటే పక్క యార్డు మేనేజరు, సొంత లారీలు కూడా ఉండేవి. కసే అనుకో, అయితే ఏంది? విక్రమ్ మీద నాకూ కసి ఉండాది, ఇప్పటికీ. దాంతో నేను చేసిందేముంది, వానింటి ముందర పోతూ ఉమ్మేది తప్ప? కోదండరామి కసి పదిమందికి పనికొచ్చింది.

విక్రమ్ కూడా తీసుకొన్నాడు. తీసుకొని, లోపలేందో మార్చి, తాళం ఏసినాడు. ఇంక చూడు, వాని లారీలు వచ్చినవి వచ్చినట్లే లోపలికి! వాని గేటు కాడ మేము ఎండలో మాడతాండాం. కోదండరామి పోయి తెరువు అన్నాడు. విక్రమ్ నవ్వినాడు. “ఏనప్పా, ఊరికే ఇచ్చినావు, ఇంక నీకేం హక్కు? బిచ్చమేసినోడు మళ్ళా వచ్చి జోలె చూపించమంటాడా?” “బిచ్చమెయ్యలేదు సార్, మాట తీసుకొని ఇచ్చినా” అన్నాడు వీడు. ఎవరింటారు? గేటు బయటికి తోలినారు.

ఆ వారంలోనే విక్రమ్ లారీ టైరు పగిలింది, సరిగ్గా వాని యార్డు గేటుకి అడ్డంగా. లోపలివి లోపల, బయటివి బయట. ఎవడూ జాకీ ఇయ్యలేదు. విక్రమే కారు దిగొచ్చి అరిస్తే, మా సాల్లో డ్రైవరు నెట్టికంటప్ప బీడీ ముట్టించుకొని, “జాకీకి తాళం ఏసినాం సార్, తాళంచెవి మీ కంప్యూటర్లో ఉండాది” అన్నాడు. సాలంతా ఒకటే నవ్వు. యార్డు ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తాంటే, విక్రమ్ ఏం జేస్తాడు? ప్రోగ్రాం తాళం తెరిచినాడు. కోదండరామి కూచొని ఒక్కొక్కటే చదివి మాకు తెలుగులో చెప్పినాడు. “ఇదో, ఈయన లారీ నంబరు కనపడితే ముందుకు తోస్తాది.” మేము తిట్టిన తిట్లు నీ ముందర అనలేనులే. తిడతాండంగానే వాడు ఆగినాడు. “అన్నా, ఇది బాగుండాదే!” ఏందంటే, టైరు పోయిన లారీకి వంతు పోకుండా, బాగైనాక మళ్ళా దాని చోటికే తెచ్చే ఏర్పాటు. అంతకుముందు టైరు పోతే సాలు కడాకి పోవల్ల. వాడు దొంగపని తీసేసి, దీన్ని మాత్రం తన ప్రోగ్రాంలోకి తీసుకొని, కింద విక్రమ్ పేరు టైపు కొట్టబోయినాడు. నేను చెయ్యి పట్టుకొన్నా. “ఏంరా, ఆ నాకొడుకు పేరా?” “షరతు నేను పెట్టిందే కదన్నా, నాకు మాత్రం ఉండదా?” అని నా చెయ్యి విదిలించుకొని ఆ పేరు కొట్టినాడు. చెప్పినా కదా, మొండోడని. మరుసటి ఎండాకాలంలో కామెర్లొచ్చి పోయినాడు.

అందుకని శివు, రాయి చెక్కేవానితో పోయి చెప్పు. దానం తీసెయ్యి, పుణ్యాత్ముడు తీసెయ్యి, వాని షరతు ఉన్నదున్నట్లు చెక్కించు. దాని కింద విక్రమ్ పేరు కూడా పెట్టు, టైరు పోయిన లారీకి వంతు నిలబెట్టినోడని. నన్ను అట్ల చూడాకప్పా. నాకిష్టమై చెప్తాండానా? చిన్నగా చెక్కించు. పేరులో తప్పు మాత్రం పడనియ్యాకు.