తాబేలుకి మైల పట్టిన రోజులు

"అమ్మమ్మా, నువ్వు తాబేలుకి పెద్దకర్మ చేశావంట, నిజమేనా?"

ఎవరు చెప్పారే? మీ అమ్మేనా? దానికన్నీ సగం సగమే తెలుసు. పెద్దకర్మ దాకా రాలేదులే, మైల దగ్గరే అందరూ దిగొచ్చారు. ఇలా కూర్చో. ఆ ఫోను కాస్త దగ్గరగా పెట్టు, నా గొంతు పడుద్దో లేదో... పడతందా? సరే.

ఆ పెద్ద తుపాను అయ్యాక కొన్నేళ్ళకి. మీ అమ్మ కాకినాడ కాలేజీకి బస్సులో వెళ్ళేది... కాదు కాదు, కాలేజీ అయిపోయింది, కుట్టుమిషను నేర్చుకునేది. ఏదో ఒకటిలే. మీ తాతయ్యకీ వాళ్ళన్నయ్యకీ, అంటే మా బావగారికీ కలిపి ఒక మర బోటు ఉండేది. బావగారంటే పేటంతా హడలు. ఇంత మీసం, ఉంగరాల జుట్టు. ఆ జుట్టుకి కొబ్బరినూనె సీసాలు సీసాలు. అప్పట్లో నూనె మాత్రం చవకేంటి!

చలికాలంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఇసకలోకి వస్తాయి, తెలుసుగా. మా చిన్నప్పుడు అవి కనబడితే పసుపు నీళ్ళు చల్లి దణ్ణం పెట్టేవాళ్ళం. మర బోట్లొచ్చాక రొయ్యల కోసం ఒడ్డుకి దగ్గర్లోనే వల ఈడ్చడం మొదలెట్టారు. తాబేలు కూడా మనలాగే గాలి పీల్చాలి కదమ్మా, అందుకు పైకి రావాలి. వలలో పడ్డాక పైకెలా వస్తాది? ఊపిరాడక చచ్చిపోద్ది. చచ్చినదాన్ని మళ్ళీ నీళ్ళలోకే తోసేసేవాళ్ళు. పొద్దున్నే చూస్తే ఒడ్డు పొడుగునా అవే. కుక్కలూ, కాకులూ, ఆ కంపూ... చెప్పకూడదు.

ఒకరోజు నేనూ, మా పక్కింటి నూకరత్నం గంపలు పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాం. ఒక తాబేలు వెల్లకిలా పడుంది. దాని కాలికి పచ్చ వల ముక్క చుట్టుకుపోయి ఉంది. ఆ వలకి మధ్యలో ఎర్ర నైలాను తాడుతో అతుకు. ఆ అతుకేసింది నేనేనే! పచ్చ తాడు అయిపోతే ఎర్రది వాడాను. దాని పొట్ట చీలి గుడ్లు కనబడతన్నాయి. "కడుపుతో పోయింది వదినా" అంది నూకరత్నం.

ఇంటికొచ్చి మీ తాతయ్యని అడిగాను, "ఏవండీ, ఆ వల మనదే కదా" అని. పళ్ళు తోముకుంటా అన్నాడు, "సముద్రంలో ఎన్ని తాబేళ్ళు లేవే! ఒకటి పోతే ఏమైంది? అదేమన్నా మన చుట్టమా?"

చుట్టమా అన్నాడా! అక్కడే దొరికాడు మనిషి.

"గంగమ్మ మీకు తల్లి కాదా?"

"తల్లే."

"ఆ తల్లి కడుపున పుట్టింది మీకు తోబుట్టువు కాదా? మీ తోబుట్టువంటే నాకు ఆడపడుచు. నిండు చూలాలు, మా ఆడపడుచు పోయిందండీ. మనకి మైల" అని పొయ్యిలో చెంబుడు నీళ్ళు పోసేశాను. పొయ్యి మీద అన్నం సగం ఉడికుంది పాపం.

ఇక నూకరత్నం ఊరుకుంటుందా! గంగమ్మ అందరికీ తల్లే కాబట్టి పేటంతటికీ మైలేనని గడప గడపకీ వెళ్ళి చెప్పేసింది. పొయ్యిలన్నీ ఆరిపోయాయి. మైలలో గంప ఎత్తకూడదని చేపలమ్మడానికీ ఎవరూ కదల్లేదు. రొయ్య కంపెనీకి పోయినా, చేప మా గంపల్లోనే కదా ఊళ్ళోకెళ్ళాలి. చర్చి వీధిలో మాణిక్యం టీచరుగారని ఉండేవారు, బాప్టిస్టులు. ఆవిడొచ్చి, "మాకు మైలలు లేవు కదా సత్యవతీ, నేనేం చెయ్యను?" అన్నారు. "మీకు ఉపవాస ప్రార్థన ఉంది కదండీ" అన్నా. "ఆఁ, అదుంది!" అని వెళ్ళి ఆ వీధి పొయ్యిలన్నీ ఆర్పించేశారు.

మగాళ్ళు రోడ్డు మీద హోటలుకి పరిగెత్తారు. ఆ హోటలు నూకరత్నం తమ్ముడిదే. "మా అక్కకి మైలైతే నాకూ మైలేనండి" అని ఇడ్లీ పాత్ర బోర్లించేశాడు! నవ్వకే, నాకూ నవ్వొస్తాది, మాట పోద్ది.

రెండో రోజుకి బావగారు ఊగిపోతా మా గుమ్మంలోకి వచ్చారు. వెనకాల పేట పేటంతా. "ఏంటమ్మా ఈ గోల? చేపంతా కుళ్ళిపోతంది!" అన్నారు. నేనెప్పుడూ ఆయన ఎదుట నిలబడి మాట్లాడేదాన్ని కాదు. తలుపు చాటునున్నాను. ఆ బోటే కదా మాకు కూడు పెట్టేది. ఆయన వేరు పడిపోదాం అంటే మా గతేంటి? అయినా నోరూరుకోదుగా. "పోయింది మీ చెల్లెలు కదండీ బావగారూ. పెద్దవారు, కర్మ మీరే చెయ్యాలి. గుండుకి మంగలిని కూడా పిలిచాం" అన్నా.

ఆయన చెయ్యి దానంతటదే జుట్టు మీదకి పోయింది! ముందు మా తోటికోడలే, ఆయన పెళ్ళామే, కిసుక్కుమంది. ఇక పేటంతా ఒకటే నవ్వు. ఆయన మీసం కూడా కాస్త కదిలింది. "సరే, ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నారు మెల్లిగా.

గుడ్లు పెట్టే రోజుల్లో ఒడ్డుకి దూరంగా వెళ్ళమన్నాను. ఇంకోటి, ఫిషరీసు వాళ్ళు ఊరికే ఇచ్చిన ఇనుప చట్రం ఒకటుండేది. దాన్ని వలలో కుడితే రొయ్య సందుల్లోంచి లోపలికి పోద్ది, తాబేలు దానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుద్ది. అది కుట్టించమన్నాను. అదెక్కడుందనుకున్నావ్? బావగారి పెరట్లో, దాని మీద చిక్కుడు పాదు! కాయలన్నీ కోసుకుని మరీ పీకారు.

మొదట్లో రొయ్య తగ్గిందని మీ తాతయ్య సణిగాడు. నిజమే, కొంచెం తగ్గింది. ఒకనాడు తడిబట్టలతోనే వచ్చి, "ఏమే, వల పైకి లాగుతుంటే ఆ కంతలోంచి ఇంత తాబేలు బయటికొచ్చి, తలెత్తి బుస్సుమని గాలి పీల్చిందే!" అని, తనే మెడ చాపి, నోరు తెరిచి పీల్చి చూపించాడు. అంత మనిషీ ఆ నెలంతా కనబడ్డవాళ్ళందరికీ అదే చేసి చూపించాడు.

అందరూ మారలేదులే. పై ఊళ్ళ బోట్లు వస్తానే ఉన్నాయి. ఇప్పటికీ ఒకటీ అరా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. చూసినప్పుడల్లా... ఏంటోనమ్మా.

నువ్వు మాత్రం చల్లగా ఉండు తల్లీ. నీ గొంతు ఎవరికీ అణగకూడదు. నిండు నూరేళ్ళూ గట్టిగా మాట్లాడతా బతుకు.