అంచు కోసేసిన బొమ్మ

రెండో అంతస్తులో అద్దె గది. గోడకి కొత్త టీవీ. చెల్లెలి చేతిలో రెండు రిమోట్లు, అక్క ఒళ్లో హ్యాండ్‌బ్యాగు.

“ఇదేంటే, అందరం ఇంత లావైపోయాం? నా కాళ్లు చూడు, రోకళ్లలా ఉన్నాయి.”

“టీవీ వెడల్పుకి సాగదీసిందక్కా. పాత టేపు కదా, బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంటుంది. ఆగు... ఇప్పుడు?”

“అటూ ఇటూ నల్లగా మిగిలిపోయింది.”

“మిగలనీ. నీ కాళ్లు నీకొచ్చాయిగా. మెడల్ తెచ్చావా?”

“ముందు కాస్త టీ పెట్టవే.”

“తెచ్చావా అని అడిగా.”

“బ్యాగులో ఉంది. అంచుల దాకా కనిపిస్తుందన్నావు ఫోన్లో?”

“కనిపిస్తుంది. ఈరోజు తేలిపోవాలి. ఆ రోజు గెలిచింది నేనని తేలితే మెడల్ నాకిచ్చేసి వెళ్లాలి. మాట తప్పకూడదు.”

“బళ్లో పరుగుపందెమే అది. నీ కూతురు కూడా ఆ బడి దాటేసింది.”

“నీకు పాతబడిందిలే. గెలిచినవాళ్లకి తొందరగా పాతబడుతుంది. ఆ మెడల్ చూసేగా నీకు స్పోర్ట్స్ హాస్టల్లో సీటిచ్చారు? ఆ సీటు వల్లేగా ఉద్యోగం? నువ్వు పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తిస్తుంటే, నేను చీకటి గదిలో కూర్చుని ఊళ్లోవాళ్ల పెళ్లి వీడియోలు అతుకుతున్నా.”

“అంత కుళ్లెందుకే నీకు?”

“కుళ్లే. దాచుకోవడం ఎందుకు? నువ్వు విజిల్ మెళ్లో వేసుకుని ఫోటో పంపినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సరే, ఇటు చూడు. ముగింపు గీత దగ్గరికి వస్తున్నాం.”

“నీ మొహమేంటి అలా చిరిగిపోయింది? దువ్వెన పళ్లలా.”

“అదే చెప్పబోతున్నా. నాన్న కెమెరా ఒక బొమ్మని ఒక్కసారిగా తియ్యదు. బొమ్మంతా సన్నటి అడ్డగీతలే. ముందు ఒక గీత విడిచి ఒక గీత తీస్తుంది, మరుక్షణం వదిలేసిన గీతలు తీస్తుంది. రెండు సగాలూ అల్లితే ఒక బొమ్మ. నిలబడ్డవాళ్లైతే పర్లేదు. పరిగెత్తేవాళ్లు ఆలోపే జరిగిపోతారుగా.”

“అయితే ఆ పళ్లు పోవా?”

“ఎందుకు పోవు? టేపు ఆడించే ఈ ప్లేయరేమో తెలిసీ తెలియక అల్లేసి టీవీకి పంపుతోంది. నువ్వు అల్లకు, ఉన్నదున్నట్టు పంపు, మిగతాది టీవీ చూసుకుంటుంది అన్నా. ఇదిగో, పెట్టేశా. టీవీలో సినిమా మోడ్ కూడా తీసేశా. అదుంటే సగాలకి మళ్లీ జంటలు కడుతుంది.”

“ఆ నునుపు చేసేదేదో ఉందే, అది?”

“అదీ తీసేశా. అదుంటే మొహాలకి పౌడర్ కొట్టినట్టుంటుంది. చూడిప్పుడు.”

“అబ్బ. నీ నుదుటి మీద చెమట కూడా తెలుస్తోంది.”

“చెప్పాగా. నాన్న గొంతు విన్నావా?”

“విన్నా. ‘పిచ్చుకా, పిచ్చుకా’ అని ఒకటే అరుపు.”

“ఇదిగో, రిబ్బన్. ఎవరి ఛాతీ మీదుంది? నా ఛాతీ మీద. నువ్వెక్కడున్నావు? ఒక్క మోచెయ్యి, అంతే. పాత టీవీలోనూ ఇంతే కనిపించేది. ఇది చూసే ఇన్నేళ్లూ ఏడ్చా నేను.”

“అంచులు ఇంకా రాలేదుగా.”

“వస్తాయి. టీవీ నాలుగు పక్కలా కాస్త కోసేసి చూపిస్తుంది, పాతవాటికి అదే అలవాటు, దీనికీ అంటింది. పూర్తి సైజు పెడితే...”

“పెట్టు.”

“పెట్టా.”

“ఏమైందే? బిగుసుకుపోయావు.”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే రిమోట్ అలా నొక్కుతావేం?”

“నువ్వున్నావు. బొమ్మ అంచున. ఉండు, ఒక్కో సగం విడిగా చూడాలి. ఇది ముందు సగం. రిబ్బన్... రిబ్బన్ నా దగ్గర ఇంకా తిన్నగానే ఉంది.”

“నా దగ్గర?”

“వంగింది.”

“తర్వాతి సగంలో?”

“అప్పుడు నాకూ తగిలింది. ఆగు, ఇంకోసారి చూస్తా.”

“చూడు.”

“ఇంకొక్కసారి.”

“చూసుకో పిచ్చుకా.”

“నువ్వే. నువ్వే గెలిచావు, సరేనా? సంతోషమా? ఇన్నాళ్లూ కనీసం అన్యాయం జరిగిందని ఏడ్చేదాన్ని. ఇక అది కూడా లేకుండా చేసుకున్నా, నా చేతులారా. వెళ్లక్కా. ఆ మెడల్ తీసుకుని వెళ్లు.”

“టేపు ముందుకి నడిపించు.”

“ఎందుకు? నీ మెళ్లో వేసేది చూసి మురిసిపోదామనా?”

“నడిపించవే.”

“ఇదిగో. నేను కూలబడ్డా. నీళ్లు తాగుతున్నా. లేసులు విప్పుతున్నా. మళ్లీ ఏడుపు. ఇంకా నేనే... అయిపోయిందేంటి? మెడల్ వేసేది ఏది?”

“లేదు.”

“చెరిగిపోయిందా?”

“నాన్న తియ్యలేదు. మాస్టారు నా మెళ్లో మెడల్ వేస్తుంటే నాన్న కోసం చూశా. నీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, నువ్వు ముక్కు చీదుకోవడం తీస్తున్నాడు.”

“నేను ఓడిపోయా కదా, పాపం అనిపించి...”

“పందెం మొదట్లో ఓడిపోయావా? అప్పుడూ కెమెరాలో నువ్వేగా. పేరు పెట్టి పిలిచిందీ నిన్నే. నువ్వు పిచ్చుకవి, నేను పెద్దదాన్ని. ‘పెద్దదేదీ, అన్నానికి పిలు’ అనేవాడు, అంతే.”

“ఎప్పుడూ అన్లేదేం నువ్వు?”

“మెడల్ వచ్చినదాన్ని, ఏమని ఏడవను? నా ఫోటోలు చూస్తే నీకు ఒళ్లు మండుతుందన్నావే, ఈ టేపు పెట్టినప్పుడల్లా నాకు అంతకన్నా మండేది. నాన్న ఉన్నన్నాళ్లూ మండింది.”

“అక్కా... గెలిచింది నువ్వేనని నీకు తెలుసుగా?”

“రిబ్బన్ నా ఒంటికి తగిలితే నాకు తెలీదా?”

“మరి నేను అడగ్గానే మెడల్ ఎందుకు పట్టుకొచ్చావు?”

“మార్చుకుందామని. ఇది నువ్వుంచుకో పిచ్చుకా. నాన్న కెమెరాలో నేనున్న ఆ సగం బొమ్మ నాకిచ్చెయ్.”