తుంటిలో గుండు

1961. గుణుపురం ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూశాడు. ఏడేళ్ల కిందట పొలం గట్టు మీద జారిపడి తుంటి విరిగిన గున్నమ్మకు పట్నంలో విరిగిన ఎముక తల తీసేసి, దాని బదులు ఉక్కు గుండు వేశారు.

"గుండు వదులైందమ్మా. అడుగు వేసినప్పుడల్లా ఎముకలో కదులుతోంది."

"మళ్లీ బిగించీలేరా బాబూ?"

"ఎముక అరిగిపోయింది, పట్టు దొరకదు. గుండు తీయించేస్తే నొప్పి తగ్గుతుంది. కానీ కాలు రెండంగుళాలు పొట్టిదవుతుంది. ఇక కర్ర వదల్లేవు."

"మరి కింద కూకోగలనా? ఇన్నాళ్లూ కూకోవద్దన్నారు కదా."

"కూర్చోవచ్చు. కాకపోతే కోలుకోడానికి ఐదు నెలలు పడుతుంది."

"అయితే తీసీమనండి బాబూ. మా కోడలికిప్పుడు మూడో నెల. పసిగుడ్డుని కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పొయ్యాలంటే నాను నేల మీద కూకోవాలి కదా."